పేరు రాసుకో, సర్వరు ఏలుకో

మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2024 జులై 29న బయటపెట్టిన ఈఎస్‌ఎక్స్‌ఐ భాగోతం చదివే ఉంటారు. ఒక్క సర్వరు మీద బోలెడు వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ వారి సరుకది. సరిగ్గా పది రోజుల ముందు విండోస్ నీలి తెరలు చూసి జనం విమానాశ్రయాల్లో పడిగాపులు కాశారు. అంతలోనే ఆ విండోస్ కంపెనీయే వీఎంవేర్ లోపం ఎత్తిచూపింది. కాలమహిమ!

నాకు మహా ముచ్చటేసింది మాత్రం అందులోని ఒక గ్రూపు పేరు. సంస్థలోని యూజర్లు, గ్రూపుల చిట్టా అయిన యాక్టివ్ డైరెక్టరీలో 'ఈఎస్‌ఎక్స్ అడ్మిన్స్' అని ఒక గ్రూపు కనిపిస్తే చాలట, ఆ డొమైన్‌లో చేరిన ఈఎస్‌ఎక్స్‌ఐ సర్వరు అందులోని వాళ్ళందరికీ సర్వాధికారాలూ అప్పగించేస్తుంది. పోనీ ఆ గ్రూపు డొమైన్‌తో పాటే పుట్టిందా అంటే, లేదు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఆరా తీస్తుందా? అదీ లేదు. 2024 ఎన్నికల తర్వాత మనవాళ్ళు బండి నంబరు ప్లేటు మీద 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని రాయించుకుని తిరిగారు కదా, వాళ్ళనైనా కానిస్టేబులు పక్కకి ఆపి కాగితాలు అడుగుతాడు. ఈ సర్వరు అడగదు. బోర్డు చదివి లేచి నిలబడుతుంది.

పనెంతో తెలుసా? రెండంటే రెండు లైన్లు. 'నెట్ గ్రూప్' అని కొట్టి ఆ పేరుతో గ్రూపు పెట్టడం ఒకటి, మళ్ళీ 'నెట్ గ్రూప్' అని కొట్టి అందులో తనను చేర్చుకోవడం రెండోది. అదీ బద్ధకమనిపిస్తే ఉన్న గ్రూపుకే పేరు మార్చుకోవచ్చు. అడ్మిన్ జాగ్రత్తపరుడై పెత్తనాన్ని వేరే గ్రూపుకి మార్చాడనుకోండి, 'ఈఎస్‌ఎక్స్ అడ్మిన్స్' వారి అధికారం అప్పటికప్పుడు పోదు. మాజీలైనా మర్యాద తగ్గకూడదు మరి! గ్రూపును గుర్తుపట్టాల్సింది పేరుతో కాదు, దాని గుర్తింపు సంఖ్య ఎస్‌ఐడీతో అని అమీర్‌పేట కోచింగ్‌లో కూర్చున్న కుర్రాడైనా చెబుతాడు.

ఈ లోపం తీవ్రతకు పడ్డ మార్కులు పదికి 6.8. 'మధ్యస్థం' అట. డైరెక్టరీలో గ్రూపులు పెట్టే హక్కు ముందే ఉంటే తప్ప ఇది సాగదు కాబట్టి అంత కంగారు అక్కర్లేదని లెక్క.

ఎవరికి అక్కర్లేదు? అకీరా, బ్లాక్ బస్తా ముఠాలు ఇదే దారిన ర్యాన్సమ్‌వేర్ దించాయని మైక్రోసాఫ్టే చెప్పింది. ఒక్క హోస్టు ఫైల్ సిస్టమ్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే దానిమీద నడిచే వర్చువల్ మెషీన్లన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. 'ఏ మెషీన్ గోడ దానిదే' అని అమ్మిన సరుకు ఇది. అన్ని గోడలకీ తాళంచెవి ఒక గ్రూపు పేరులో పెట్టినవాడికి మధ్యస్థం అనడానికి నోరెలా వచ్చింది?

ఇంతకంటే ఒళ్ళు మండేది ఇంకోటుంది. ఈ లోపానికి ప్యాచ్ ఈఎస్‌ఎక్స్‌ఐ 8.0 అప్‌డేట్ 3లో ఇచ్చారు. 7.0కి? ఇచ్చే ఉద్దేశం లేదని అడ్వయిజరీలో రాసేశారు. 7.0 అప్పటికే ముసలిదైపోయిందా అంటే, 2025 అక్టోబరు దాకా వాళ్ళు మాటిచ్చిన సపోర్టు ఉండింది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొన్న బ్రాడ్‌కామ్, డిసెంబరు కల్లా శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి అందరినీ చందాలోకి తోసింది. చందా వసూలుకి నెల పట్టలేదు. డబ్బు కట్టి సపోర్టులో ఉన్న 7.0 వాడికి మాత్రం ప్యాచ్ ఇవ్వలేదు. ఇది వ్యాపారం కాదు, దబాయింపు.

ఇంకా 7.0 నడుపుతున్న అడ్మిన్ బాబులూ, మీకోసం ఎవరూ రారు. ఆ గ్రూపును దానంతటదే చేర్చుకునే సెట్టింగు హోస్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో 'ట్రూ' అని ఉంటుంది. ఇవాళే 'ఫాల్స్' చేయండి.