‘మధ్యమునకు రండు’: ఒక బాలే సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలము: కడ్డీని విడువుడు, మధ్యమునకు రండు, కదలక నిలువుడు, లాలిత్యము చెడనీయకుడు.

అవతారిక: బాలే కొత్తగా నేర్చేవారు గోడ వెంట అమర్చిన కడ్డీని, అనగా ‘బార్’ను, పట్టుకొని తొలి సాధన ముగించిన పిమ్మట, ఏ ఆధారమూ లేని గది నడుమ చేసే అభ్యాసానికి ‘సెంటర్ వర్క్’ అని పేరు. ఆ సంధికాలంలో గురుముఖం నుండి వెలువడే సూత్రమిది. సూత్రం అల్పాక్షరంగా ఉండాలన్నారు గాని, శిష్యుడి చీలమండకు అక్కరకు రాకుండా ఉండాలని ఏ లాక్షణికుడూ అనలేదు.

టీక: ‘కడ్డీని విడువుడు’ - సులభము.

‘మధ్యమునకు’ - ఇక్కడ దిగ్విచారం ప్రాప్తిస్తుంది. అగ్రిప్పినా వాగనోవా సంప్రదాయంలో ప్రేక్షకుల వైపును 1గా గ్రహించి, నర్తకి కుడివైపుగా తిరుగుతూ, మూలలనూ గోడలనూ కలిపి 8 వరకు లెక్కిస్తారు. ఎన్రికో చెకెట్టి మతస్థులు ముందు నాలుగు మూలలకు 1 నుండి 4 వరకు పంచి, ఆ తర్వాతనే గోడలకు 5 మొదలుకొని ఇస్తారు. కనుక ఒకరికి 1 అయిన ఎదుటి గోడే మరొకరికి 5. ఒంటిని ఏటవాలుగా తిప్పి నిలిచినప్పుడు కాళ్లు ఎదుటివారికి ఒకదానినొకటి దాటినట్లు కనిపిస్తే ‘క్రోయిజే’, విడివడి కనిపిస్తే ‘ఎఫాసే’. అయితే ఈ భేదం చూసేవాడి కంటిలో ఉన్నదా, చేసేవాడి కాలిలో ఉన్నదా అన్నది నైయాయికులకు విడువదగినంత గంభీరమైన ప్రశ్న. ఎదుటి గోడకే ఇంత మర్యాద ఎందుకంటే, ఇది రాజసభలో పెరిగిన విద్య. 14వ లూయీ 1661లో దీనికి అకాడమీ స్థాపించడమే గాక తానూ రంగమెక్కి నర్తించినవాడు. ఈ విచారం సాగినంతసేపూ శిష్యుడు ఒంటికాలిపై నిలిచి ఉన్నాడని పాఠకులు స్మరించాలి.

‘కదలక నిలువుడు’ - ఇందులో అసంభవదోషం ఉంది. దేహభారపు లంబరేఖ పాదం పరిధిలో పడేలా చీలమండ ఎడతెగక చేసే చిన్నచిన్న సవరణలకే సమతౌల్యమని పేరు గనుక, కదలిక మానినవాడు నిలువడు, బిగుసుకొని పడతాడు. మడమనెత్తి మునివేళ్ల మొదలుపై నిలిచే ‘రెలెవే’లో ఆ పరిధి మరీ కుంచించుకుపోతుంది. కార్లో బ్లాసిస్ 1820 నాటి తన గ్రంథంలో, ఒక కాలిని మోకాలి వద్ద మడిచి వెనుకకెత్తే ‘ఆటిట్యూడ్’ భంగిమకు జాంబొలోన్యా పోతపోసిన మెర్క్యురీ విగ్రహాన్ని సామ్యంగా చూపాడు. ఆ దేవుడు ఒంటికాలితో నిలిచినది వాయుదేవుడి ఊపిరిపైన. అయినా పడడు, ఎందుకంటే ఆయన కంచు. ఆఫీసు ముగించుకొని సాయంత్రపు తరగతికి పరుగెత్తి వచ్చిన మనిషి కంచు కాదు.

‘లాలిత్యము’ - ఇది ఫలం. సూత్రకారుడు దీన్ని విధిగా చెప్పాడు. కాలెత్తడానికి ముందే బరువంతా నిలిచే కాలిపైకి చేరాలి, అటువైపు కటి బయటికి జారకూడదు; కడ్డీ పట్టుకున్నంతసేపూ ఈ బదిలీలోని లోపాన్ని చేయి కప్పిపుచ్చుతుంది. ఆ సంగతి చెప్పవలసిన క్షణంలో, తలపై దారమొకటి ఆకాశం నుండి లాగుతున్నట్లు ఊహించుకొమ్మనీ, చిరునవ్వు నవ్వమనీ చెబుతారు; శిష్యుడు భుజాలెత్తి, ఊపిరి బిగబట్టి, అద్దంలో ముందువరుసను చూసి ఒక లెక్క ఆలస్యంగా అనుకరిస్తాడు. పడితే అది ఏకాగ్రతాలోపమని తీర్పు. తీసుకునే రుసుము మాత్రం శాస్త్రం చెప్పినందుకే.

తాత్పర్యము: ఆధారం తీసివేయబడినది, ఉపాయం చెప్పబడలేదు, అందంగా ఉండవలెనని భావము.

పాఠాంతరము: మొదటి వాక్యంలో ‘కడ్డీని మెల్లగా విడువుడు, ముందు బరువు మార్చుకొనుడు’ అన్న పాఠం సాధువు. ఏ ప్రతిలోనూ లభించలేదు.