తీగ మీద అభియోగం

జీతం తెచ్చేది నేను, కరెంటు బిల్లు కట్టేది నేను. అయినా మా ఇంట్లో జంతికల గొట్టం అటకెక్కింది. మా అమ్మాయి పళ్ళకు క్లిప్పులు పెట్టించాం. ఆ రోజు నుంచి చేగోడీలు, పల్లీ చిక్కీ, చెరకు, మొక్కజొన్న పొత్తులు నిషిద్ధ పదార్థాలయ్యాయి. ఆవకాయ టెంక కొరికితే పంటికి అతికించిన బ్రాకెట్టు ఊడొస్తుందట. "పిల్ల చూస్తుండగా మీరు కరకరలాడిస్తే ఏం బావుంటుందండీ" అని మా ఆవిడ తీర్పు. తీగ దాని పళ్ళకు, శిక్ష నాకు.

ఇందుకు బాధ్యులెవరో విచారించాను. మొదటి ముద్దాయి పియెర్ ఫోషార్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు. వంకర పళ్ళను లోహపు పట్టీకి దారంతో కట్టి వరసకు తేవచ్చని 1728లోనే పుస్తకంలో రాసి పెట్టాడు. రెండో ముద్దాయి అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ ఆంగిల్. పై దవడలో మొదటి విసురుదంతం కింది దానితో ఎలా కలుస్తోందో చూసి, 1899లో పళ్ళ తేడాలను మూడు తరగతులు చేశాడు. మా అమ్మాయిది రెండో తరగతని డాక్టరుగారు చెప్పారు. అంటే పై వరస ముందుకు, కింది వరస వెనక్కు. చదువులో ఎన్నడూ ఫస్ట్ క్లాసు తప్పని పిల్ల!

మూడో ముద్దాయి నికెల్, టైటానియం కలిసిన తీగ. అమెరికా నౌకాదళపు ఆయుధ ప్రయోగశాలలో పుట్టిన లోహమది. 1970లలో జార్జ్ ఆండ్రియాసెన్ దాన్ని నోట్లోకి తెచ్చాడు. ఎంత వంచినా పాత రూపానికే పోతానంటుంది, పోతూ పోతూ పన్నునూ వెంట లాక్కుపోతుంది. యుద్ధనౌకల వారి సరుకు మా వంటింటిని జయించింది.

చోటు చాలదని డాక్టరుగారు నిక్షేపంలాంటి నాలుగు పళ్ళు పీకించారు. నా తరఫున సాక్షి దొరక్కపోలేదు. పీకడం కూడదని గట్టిగా వాదించినవాడు ఆ ఆంగిలే. కానీ 1930లోనే పోయాడు. పైగా ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్, పీకకుండా సరిచేసిన పళ్ళు మళ్ళీ దారి తప్పడం చూసి ఎదుటి పక్షంలో చేరిపోయాడు.

పోనీ డబ్బు కట్టాం కదా, త్వరగా కానివ్వమన్నాను. కాదట. పన్నుకూ ఎముకకూ మధ్య సన్నని నారలుంటాయి. తీగ నెట్టినవైపు ఎముక కొంచెం కొంచెంగా కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక పుడుతుంది. బలం ఎక్కువ చేస్తే పంటి వేరు అరిగిపోవచ్చు. అందుకని పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. మునిసిపాలిటీలో నా ఇంటి పన్ను ఫైలు కూడా ఇంతకన్నా చురుగ్గా నడిచింది! మొత్తం ఏడాదిన్నర, రెండేళ్ళ పని.

అయ్యాక విడుదలేనా? అదీ లేదు. చిగుళ్ళ నారలు పళ్ళను పాత చోటికే గుంజుతాయి గనక వాటిని కదలకుండా పట్టి ఉంచే రిటెయినర్ పెట్టుకోవాలి. క్లిప్పులకు బదులు కనబడని ప్లాస్టిక్ తొడుగులు కూడా ఉన్నాయి గాని, వాటిని భోజనానికి తీసి మళ్ళీ పెట్టుకోవాలి. మా పిల్ల టిఫిను డబ్బానే బడిలో మరిచి వస్తుంది.

విచారణ ముగిసింది. ముద్దాయిల మీద నేరం రుజువు కాలేదు. ఎగుడుదిగుడు పళ్ళ సందుల్లో పాచి నిలిస్తే పుచ్చుతాయి, ఎత్తుపళ్ళు పడ్డప్పుడు ముందుగా విరుగుతాయి అన్న మాటలకు నా దగ్గర జవాబు లేదు. కాబట్టి పిల్లలున్న ఇంటి యజమానులకు మనవి: ఏడో ఏట ఒకసారి పళ్ళ వరస సరిచేసే ఆర్థోడాంటిస్టుకు చూపించండి. అప్పటికీ బొటనవేలు చీకుతుంటే మాన్పించండి. వయసు మీరిందని బెంగ వద్దు, చిగుళ్ళూ ఎముకా గట్టిగా ఉంటే పెద్దవాళ్ళకూ క్లిప్పులు పెట్టొచ్చునట. ఈ ఆఖరి మాట డాక్టరుగారు మా ఆవిడ ఎదుటే అన్నారు. వచ్చే నెల అపాయింట్‌మెంటు నా పేరు మీద ఉంది.