తాళం మీది, తాళంచెవులు ఊరందరివీ

కొన్నాళ్లపాటు ఈ దేశంలో ఎవరికి ఫోన్ చేసినా, అవతలి మనిషి కంటే ముందు ప్రభుత్వం పలికేది. సైబర్ మోసగాళ్లున్నారు, జాగ్రత్త అని. అత్తగారికి గుండెనొప్పి వచ్చి ఆటో డ్రైవర్‌కి ఫోన్ చేస్తున్నా సరే, ఆ సుభాషితం పూర్తయ్యాకే రింగు. జనం విసుక్కున్నారు, 2025 జూన్‌లో ఆపేశారు. కేటుగాళ్ల ఫోన్లకూ జనం విసుక్కుంటూనే ఉన్నారు గానీ, వాటిని ఆపే మీట ఎక్కడుందో ఇంకా ఎవరికీ దొరికినట్టు లేదు.

ఇంత జాగ్రత్త చెప్పినందుకు ఏం ఒరిగిందో కేంద్రమే పార్లమెంటులో లెక్క చెప్పింది. సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నది 2023లో రూ.7,465 కోట్లు, 2024లో రూ.22,845 కోట్లు. ఏడాది తిరిగేసరికి మూడింతలు. ఏ సంక్షేమ పథకమైనా ఈ వేగంతో పెరిగి ఉంటే కూడలి కూడలికీ ఫ్లెక్సీలు లేచేవి.

జాగ్రత్త చెప్పడంలో ఒక సుఖం ఉంది. చెప్పినవాడికి పైసా ఖర్చు లేదు, డబ్బు పోయాక పూచీ లేదు. "ముందే చెప్పాం కదా" అంటే చాలు, చేతులు దులిపేసుకోవచ్చు. బ్యాంకు చెప్పింది, పోలీసులు చెప్పారు, టెలికాం కంపెనీ చెప్పింది. ఇంతమంది చెప్పినా పోయిందంటే తప్పు పోగొట్టుకున్నవాడిదే. మర్నాడు పేపర్లోనూ అదే తీర్పు: అత్యాశకు పోయి లక్షలు సమర్పించుకున్నాడట.

ఈ జాగ్రత్తలన్నింట్లోకీ పెద్ద హాస్యం "మీ వివరాలు ఎవరికీ ఇవ్వకండి" అనేది. చెబుతున్నదెవరు? ఇవ్వందే పని జరగనివ్వనివాళ్లు. సిమ్‌కి ఆధార్, గ్యాస్‌కి ఆధార్, పిల్లాడి స్కూలుకి ఆధార్, లాడ్జిలో ఒక్క రాత్రి నడుం వాల్చాలంటే ఆధార్. అద్దెకు దిగితే ఇంటాయనకొకటి, అపార్టుమెంటు సంఘానికొకటి. ఇక ఏ తహసీల్దారు ఆఫీసు ఎదుట జిరాక్స్ షాపులోనైనా పది నిమిషాలు నిలబడండి.

"అన్నా, ఆధార్ నీ వాట్సాప్‌కి పెట్టిన. రెండు కాపీలు తియ్యి."

"పాన్ కార్డు?"

"అది గూడ పెట్టిన. పాస్‌బుక్కు మొదటి పేజీ గూడ పెట్టిన, సూడు."

ఆ షాపాయన చెడ్డవాడేం కాదు. చిల్లర లేకపోతే రేపివ్వమంటాడు. కానీ గాజు పగిలిన ఆయన ఫోన్లో మండలం మండలమే ఉంది: ఆధార్లు, పాన్లు, పాస్‌బుక్కులు, పెళ్లి సర్టిఫికెట్లు. ఆ ఫోన్ని కౌంటరు మీద చార్జింగుకి పెట్టి ఆయన టీకి వెళతాడు. సరిగ్గా రాని కాపీలు కౌంటరు కింద అట్టపెట్టెలో పడతాయి, వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి లెక్కలు రాసుకోవడానికి పనికొస్తాయి. మన డేటా దొంగిలించడానికి రష్యా నుంచి ఎవరో హ్యాకర్ రావాలనుకోవడం వట్టి గొప్పలు పోవడం.

ఒక్కసారి మాత్రం సర్కారు నోట నిజం జారింది. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దు, దుర్వినియోగం కావచ్చు, చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ వాడండి, లైసెన్సు లేని హోటళ్లకు, సినిమా హాళ్లకు కాపీలు తీసుకునే హక్కే లేదు అని. రెండు రోజులు. మే 29న ఆ ప్రకటనను వెనక్కి తీసేసుకున్నారు, జనం అపార్థం చేసుకునే అవకాశం ఉందట. మామూలు వివేకం చూపిస్తే చాలన్నారు. మాస్క్‌డ్ ఆధార్ మాత్రం ఇప్పటికీ ఆధార్ వెబ్‌సైట్లో ఉంది, దించుకోండి. లాడ్జి కౌంటర్లో చూపించండి. "ఇది చెల్లదు సార్, ఒరిజినల్ ఇవ్వండి" అన్నప్పుడు మీ మామూలు వివేకాన్ని బయటికి తీయండి.

ఓటీపీ చెప్పకపోతే క్షేమం అనేది మరో మంత్రం. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి దొరికాడు. అతను ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎవర్నీ ఓటీపీ అడగలేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో భూమి దస్తావేజులున్నాయి, వాటి మీద జనం వేలిముద్రలున్నాయి, ఆధార్ నంబర్లున్నాయి. దించుకున్నాడు, రబ్బరు స్టాంపులు చేసే సరంజామాతో వేళ్లు తయారుచేశాడు, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పాపం, అతనికి కావలసింది సిమ్‌ల అమ్మకాల టార్గెట్టు మాత్రమే. తర్వాత వచ్చిన దొంగలకు సిమ్‌లతో పనేముంది? ఆధార్ నంబరూ వేలిముద్రా ఉంటే మైక్రో ఏటీఎంలో పింఛను డబ్బులు డ్రా చేయొచ్చు, ఓటీపీ అక్కర్లేదు. ఊళ్లో ముసలమ్మకు బ్యాంకు గడప తొక్కే బాధ తప్పించాలని పెట్టిన ఏర్పాటు అది. దొంగకు కూడా తప్పించింది.

దీనికీ మందుంది, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్. తప్పకుండా వేసుకోండి. అయితే ఒకటో తారీకున రేషన్ షాపులో వేలు పెట్టే ముందు ఆ తాళం తీయాలి, బియ్యం తెచ్చుకున్నాక మళ్లీ వేయాలి, పింఛను రోజున మళ్లీ తీయాలి. ఇదంతా ఎవరు చేయాలి? కీప్యాడు ఫోను కూడా లేని అమ్మ.

ఇక డిజిటల్ అరెస్టు. ఇక్కడ మాత్రం కేటుగాళ్ల చదువుకు దండం పెట్టాలి. మన మనస్తత్వ శాస్త్రజ్ఞులకంటే వాళ్లే మనల్ని బాగా చదివారు. మీ పేరున వచ్చిన కొరియర్లో మాదకద్రవ్యాలు దొరికాయంటాడు, వీడియో కాల్లోకి రమ్మంటాడు, వెనక గోడ మీద గాంధీ బొమ్మ, ఒంటి మీద ఖాకీ. గది దాటొద్దు, ఎవరికీ చెప్పొద్దు, ఉన్న డబ్బంతా "తనిఖీ కోసం" ఫలానా ఖాతాకు పంపు. 2024లో వర్ధమాన్ గ్రూపు అధినేత, పద్మభూషణ్ ఎస్.పి. ఓస్వాల్‌కి ఏకంగా సుప్రీంకోర్టు విచారణే నడిపించారు. నకిలీ ప్రధాన న్యాయమూర్తి, నకిలీ ఉత్తర్వు, దాని మీద స్టాంపు. రూ.7 కోట్లు. అందులో చాలావరకు పోలీసులు తిరిగి రాబట్టారనుకోండి, అది ఆయన అదృష్టం.

ఆ ఏడాది అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో దేశానికి ధైర్యం చెప్పారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు అని. అక్షరాలా నిజం. అయితే చట్టంలో లేనిదేదీ మన స్టేషన్లలో జరగదని నమ్మేవాడికే ఆ మాట ధైర్యాన్నిస్తుంది. అసలు పోలీసు "ఒకసారి రా" అంటాడు, ఎందుకో చెప్పడు, కాగితం ఇవ్వడు. నకిలీ పోలీసు "సార్" అంటాడు, ఐడీ కార్డు చూపిస్తాడు, సెక్షన్ నంబరుతో సహా ఉత్తర్వు పంపుతాడు, మంచినీళ్లు తాగి రమ్మని రెండు నిమిషాలు టైమిస్తాడు. ఇంత మర్యాదగా ఉన్నాడంటే వీడు నకిలీయే అని పసిగట్టాలి నిజానికి!

ఇందులో ఎక్కువగా చిక్కుతున్నవాళ్లు ఎలాంటివాళ్లో గమనించారా? రిటైరైన హెడ్మాస్టర్లు, డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు. కరెంటు బిల్లులు ఏళ్ల తరబడి ఫైలు చేసినవాళ్లు. మూడు సింహాల ముద్ర ఉన్న కాగితం కనబడితే కుర్చీలోంచి లేచి నిలబడే అలవాటు ముప్ఫై ఏళ్ల సర్వీసు నేర్పింది. మెమో వస్తే సంజాయిషీ ఇవ్వాలి, పైవాణ్ని ఎదురు ప్రశ్న వేయకూడదు. వీళ్లను ముంచింది అజాగ్రత్తా కాదు, అత్యాశా కాదు, విధేయత. ఆ విధేయతను నేర్పినవాళ్లే ఇప్పుడు "అంత అమాయకంగా ఎలా నమ్మారండీ" అని ముక్కున వేలేసుకుంటున్నారు.

అవతలి గొంతు చక్కటి తెలుగు మాట్లాడుతుందేమిటని కొందరికి ఆశ్చర్యం. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిందదే. డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఏజెంట్లు మన కుర్రాళ్ల దగ్గర డబ్బులు గుంజి కంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, చేతికి ఫోనిచ్చి, మనవాళ్లకే టోపీ పెట్టమన్నారు. ఇంటి దగ్గర ఉద్యోగం ఉంటే వెళ్లేవాళ్లా అన్న ప్రశ్న జాగ్రత్తల జాబితాలో ఎక్కడా ఉండదు.

పోయిన డబ్బు గాల్లో కలిసిపోదు. అది ఒక బ్యాంకు ఖాతాలో దిగి, అక్కణ్ణుంచి పది ఖాతాలకు పాకుతుంది. ఆ ఖాతాల్ని కమీషన్‌కి అద్దెకిచ్చే కుర్రాళ్లున్నారు. వితంతు పింఛను ఖాతాలో ఫోన్ నంబరు మార్చడానికి నాలుగు సంతకాలు సరిపోలలేదని ఐదోసారి తిప్పే బ్రాంచి, నిన్నగాక మొన్న తెరిచిన కరెంటు ఖాతాలో ఒక మధ్యాహ్నం వేళ కోటి వచ్చి కోటి వెళ్లిపోతే కన్నెత్తి చూడదు. ఆ ఖాతాకి కేవైసీ మాత్రం పక్కాగా ఉంటుంది. ఆధార్ జిరాక్స్ జతచేసి ఉంటుంది. ఎవరిదన్నది వేరే సంగతి.

సరే, పోయింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలోపు చేస్తే డబ్బు ఏదో ఒక ఖాతాలో ఇంకా ఉండొచ్చు, స్తంభింపజేస్తారు. అయితే ఆ గొలుసులో మీ డబ్బులో మూడొందలు ఏ టీ కొట్టువాడి యూపీఐకో చేరి ఉంటే, వాడి ఖాతా కూడా స్తంభించవచ్చు. కేటుగాడు కోటి తిని పోతే, వాడికి టీ పోసినవాడు స్టేషన్ల చుట్టూ తిరుగుతాడు.

బ్యాంకులు రోజూ పంపే ఎస్సెమ్మెస్‌లలో ఇంతవరకూ రానిది ఒకటుంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. తప్పు మీదీ కాక, బ్యాంకుదీ కాక ఎక్కడో మధ్యలో జరిగి డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే మీ నష్టం సున్నా. పది పనిదినాల్లో ఆ మొత్తం మీ ఖాతాలో తాత్కాలికంగానైనా జమ చేయాలి. మీరే ఓటీపీ చెప్పి ఉన్నా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయేదంతా బ్యాంకు నెత్తినే. అన్నింటికన్నా ముఖ్యం, తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదే, మీది కాదు. "జాగ్రత్త" అని పండగ శుభాకాంక్షల్లో కలిపి మరీ చెప్పేవాళ్లకు ఈ నాలుగు వాక్యాలు పంపడానికి ఎస్సెమ్మెస్ చార్జీలు సరిపోలేదేమో.

కాబట్టి బ్రాంచికి నోటిమాటతో వెళ్లకండి. రాసి తీసుకెళ్లండి, రెండు కాపీలు. రెండో దాని మీద తేదీ, టైము, స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేసే ఆయన భోజనానికి వెళ్లారంటే అక్కడే కూర్చోండి, ఆయన ఎంత నిదానంగా తిన్నా సరే. మీ మూడు పనిదినాల్లో ఆ భోజనం కూడా లెక్కలోకి వస్తుంది.