బోర్డు నాటౌట్

వేంసూరు మండలంలో ఏ ఊరికైనా వెళ్లి క్రీడా ప్రాంగణం ఎక్కడుందని అడగండి. చెయ్యెత్తి బోర్డు చూపిస్తారు. "బోర్డు కాదండీ, ప్రాంగణం" అని రెట్టించారో, "అదేగా, బోర్డు కనబడట్లా?" అని మిమ్మల్నే ఎగాదిగా చూస్తారు. నిజమే, బోర్డు భేషుగ్గా కనబడుతుంది. 2022 జూన్ 2న, రాష్ట్రావతరణ దినాన, ఊరికో తెలంగాణ క్రీడా ప్రాంగణం అని పథకం మొదలుపెట్టి, ఎకరమో అరెకరమో చదును చేయించి, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు గీయించి, లాంగ్ జంప్‌కు గుంత తవ్వించి ఇసుక పోయించారు. ముందు ఇనుప కమాను నిలబెట్టారు. ఉపాధి హామీ కూలీలు చేసిన పని అది. ఆ ఏడాది వాళ్ల రోజు కూలి 257 రూపాయలు. తర్వాత గీతలు చెరిగాయి, గుంజలు వంగాయి, పిచ్చిమొక్కలు మోకాలెత్తు లేచాయి. వికెట్లన్నీ పడిపోయినా బోర్డు ఒక్కటే ఓపెనర్‌గా దిగి ఇంకా క్రీజులో ఉంది.

అలాగని మైదానం ఖాళీగా పడి ఉందంటే ఒప్పుకోను. మండలంలో దానంత పని చేసే ఆఫీసు ఇంకొకటి లేదు. ఆటలు తప్ప అన్నీ అక్కడే. పందిరి వేయాలన్నా, లారీ తిప్పుకోవాలన్నా, పాత ఇంటి మట్టి పారబోయాలన్నా, కొత్తగా కారు కొన్న అల్లుడికి డ్రైవింగ్ నేర్పాలన్నా అదే దిక్కు. లాంగ్ జంప్‌లో మన పిల్లలు ఎంత దూరం దూకారో రికార్డు లేదు గానీ, గుంతలోని ఇసుక మాత్రం రెండు వీధులు దాటి ఎవరిదో ప్రహరీ గోడలోకి దూకింది. వాలీబాల్ నెట్టు ఒక పెరట్లో బీరపాదు మీద పరుచుకుని కోతుల్ని ఆపుతోంది. అంత గట్టిగా బ్లాకింగ్ చేసే ఆటగాడు జిల్లా జట్టులో కూడా దొరకడు.

కోతల రోజుల్లో మైదానం కల్లమవుతుంది. ఈ ఒక్క విషయంలో నాకు కోపం రాదు. మబ్బు పట్టిందంటే రైతు గుండెలో రాయి పడుతుంది, ధాన్యం ఆరబోయడానికి చదునైన జాగా కావాలి. ఉపాధి హామీ డబ్బుతో తెలంగాణలో కల్లాలు కట్టిస్తే, ఆ నిధులు అందుకు కాదు, 151 కోట్లు వెనక్కి కట్టండి అని 2022 చివర్లో కేంద్రం తాఖీదు పంపింది. అదే నిధులతో మైదానం చేసుకుంటే తప్పు లేదు. సరే, ప్రభుత్వాలు రెండూ కొట్టుకుంటున్నాయి కదా అని రైతు మధ్యేమార్గం పట్టాడు. మైదానాన్నే కల్లం చేశాడు. అక్కడిదాకా న్యాయమే. కానీ పట్టాలు ఎగిరిపోకుండా అంచుల మీద పెట్టిన రాళ్లున్నాయే, ధాన్యం కేంద్రానికి వెళ్లిపోయినా అవి అక్కడే ఉంటాయి. సరిగ్గా కబడ్డీ కోర్టు నడిమి గీత మీద. కూతకు వెళ్లిన పిల్లాణ్ని ఎదుటి జట్టు కంటే ముందు రాయే పట్టుకుంటుంది.

పొద్దుగూకాక వచ్చే జట్టు వేరు. దీనికి కోచ్ అక్కర్లేదు, ఏ రోజూ సెలవు లేదు. వేంసూరు సరిహద్దు మండలం, కాస్త దూరం పోతే ఆంధ్ర. 2014లో రాష్ట్రం విడిపోయింది, ఆస్తులు పంచుకోవడం ఇప్పటికీ తేలలేదు, ఈ మైదానంలో మాత్రం రెండు రాష్ట్రాల సీసాలూ ఒకే చోట పగిలి కలిసిమెలిసి ఉంటున్నాయి. తాగినవాడు సీసాను పక్కన పెట్టి పోవచ్చు. పెట్టడు. ఇనుప గుంజకేసి కొడతాడు. ఎందుకంటే చప్పుడు బాగుంటుంది. పొద్దున్నే ఉత్త కాళ్లతో కబడ్డీకి వచ్చేవాళ్లు పదమూడేళ్ల పిల్లలు.

ఆ పెంకులు ఏరే మనిషి గురించి చెప్పాలి. ఆయన హోదా మల్టీపర్పస్ వర్కర్. పంచాయతీలో ఈ ఉద్యోగానికి ఉన్న సుగుణమేమిటంటే, ఇది నా పని కాదు అనే మాట ఇందులో లేదు. తెల్లారుజామున చెత్త ట్రాక్టరు, తర్వాత మురుగు కాలువ, ఆ తర్వాత నర్సరీ మొక్కలకు నీళ్లు, వీధి దీపం, బోరు మోటారు, వైకుంఠధామం. మిగిలిన సమయంలో, అంటే ఊరు పడుకున్నాక, క్రీడాభివృద్ధి. జీతం నెలకు 8,500 ఉండేది, 2023లో వెయ్యి పెంచి 9,500 చేశారు. నెలనెలా చేతికొస్తుందన్న పూచీ లేదు. ఆ ఏడాది జులైలో రాష్ట్రమంతా సమ్మెకు దిగితే గానీ ఇలాంటి కార్మికులు ఉన్నారని చాలామందికి తెలియలేదు. అప్పుడు కూడా తెలిసింది చెత్త పేరుకుపోయినందుకే తప్ప, వాలీబాల్ గీతలు చెరిగినందుకు కాదు. 2024 ఫిబ్రవరిలో పాత సర్పంచుల గడువు ముగిసి, 2025 డిసెంబరులో ఎన్నికలయ్యేదాకా పంచాయతీలకు ప్రత్యేకాధికారులే దిక్కు. మైదానానికి మాత్రం మధ్యలో కూడా పాత అధికారే, పార పట్టుకున్న ఈయనే.

గీత గీయడమంటే సున్నం చల్లుకుంటూ పోవడమే కదా అనుకునేవాళ్లు ఒక్కసారి ప్రయత్నించాలి. వాలీబాల్ కోర్టు పద్దెనిమిది మీటర్లకు తొమ్మిది మీటర్లు. మేకులు నాలుగూ కొట్టి తాడు లాగితే చూడ్డానికి దీర్ఘచతురస్రంగానే ఉంటుంది, ఆడుతుంటే ఒక మూల పక్కకు జారినట్టు తెలుస్తుంది. మేస్త్రీలు గోడ మూలకు చేసినట్టే మూడు, నాలుగు, ఐదు మూరల తాడుతో మూలమట్టం చూడాలి. ఎదురెదురు మూలలు కలిపితే రెండు వైపులా కొలత సమానంగా రావాలి. ఆ కొలత 20.12 మీటర్లు. క్రికెట్ పిచ్ పొడవు కూడా, ఇరవై రెండు గజాలంటే, అంతే! ఈ సంగతి ఏ వ్యాయామ ఉపాధ్యాయుడూ నాకు చెప్పలేదు. ఒక తాడుంటే రెండాటలకూ సరిపోతుందన్నమాట. ఇక నేల సంగతి. సాయంత్రం తడిపి, రాత్రంతా ఆరనిచ్చి, తేమ సరిగ్గా ఉన్నప్పుడు రోలరు లాగాలి. రోలరు లేనిచోట దిమ్మిస. ఆ రాత్రి తడి నేల మీద ఎవరైనా ట్రాక్టరు తిప్పితే గాడి పడుతుంది. ఎండ కాస్తే ఆ గాడి గట్టిపడి, మళ్లీ వాన పడేదాకా ఎవరు కొట్టినా అణగదు.

"ఏం బాబాయ్, నిన్న గీసిన గీత పొద్దుటికి ఏమైంది?" అని అడుగుతారు కుర్రాళ్లు.

"మీ నాన్న ట్రాక్టరు తిప్పుకున్నాడు నాయనా."

"మా నాన్నకి నువ్వు చెప్పొద్దా మరి?"

ఈ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పడు. మీ నాన్న వార్డు మెంబరు కదా అనైనా అనొచ్చు, అనడు. సున్నం బకెట్టు అందుకుంటాడు.

మైదానాన్ని ప్రాణంగా చూసుకోవడం మనవాళ్లకు రాదా? అలా అంటే పాపం తగులుతుంది. సంక్రాంతికి సరిహద్దు దాటి చూడండి. మా వైపు బండ్లన్నీ ఆ మూడు రోజులూ అటే పోతాయి. కోడిపందేల బరి తయారుచేసే తీరు చూస్తే ఏ స్టేడియం క్యురేటరైనా వచ్చి శిష్యరికం చేయాలనిపిస్తుంది. గడ్డి చెక్కి, రాయి రప్ప ఏరి, నేల తడిపి, చదును చేసి, చుట్టూ కంచె కట్టి, షామియానాలు వేసి, ఫ్లడ్‌లైట్లు పెట్టి, వెనక ఉన్నవాడికి కనబడాలని ఎల్‌ఈడీ తెర కూడా! 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం ఇదంతా నేరం, అయినా పనితనంలో లోపం ఉండదు. బరిలో గాజు పెంకు ఒక్కటి చూపించండి, మీ పాదాలకు దండం పెడతాను. కోడి కాలికి గుచ్చుకుంటే లక్షలు పోతాయి మరి. పిల్లాడి కాలికి గుచ్చుకుంటే పోయేది ఒక టీటీ ఇంజెక్షను.

పెద్ద ఊళ్ల కథ వేరేగా ఉంటుందనుకుంటే అదీ లేదు. హైదరాబాద్ ఫతే మైదాన్‌లో 1687లో గోల్కొండ ముట్టడికి వచ్చిన మొగలు సైన్యం గుడారాలు వేసిందంటారు. ఆ గుడారాల అలవాటు నేటికీ పోలేదు. 1955లో పాలీ ఉమ్రిగర్ టెస్టుల్లో భారతదేశపు మొదటి డబుల్ సెంచరీ, 223 పరుగులు, కొట్టిన నేల అది. తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయింది. 1983లో ఎన్టీ రామారావు, 2004లో రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి అక్కడే ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేశారు. పార్టీలు వేరైనా మైదానం విషయంలో ఏకాభిప్రాయం ఉంది. పెద్దలే అలా ఉంటే మండలం లీడరు తన సభకు బడి మైదానంలో టెంటు గుంజలు దిగ్గొట్టిస్తే తప్పు పట్టేదెవరు? వేంసూరు 1978కి ముందు అసెంబ్లీ నియోజకవర్గం, జలగం వెంగళరావు ఇక్కడి నుంచి గెలిచే ముఖ్యమంత్రి అయ్యారు. ఈ మాట ప్రతి సభలోనూ ఎవరో ఒకరు గర్వంగా చెబుతారు. చెప్పి దిగిపోయాక మైదానంలో మిగిలేవి గుంజల గుంతలు, నీళ్ల ప్యాకెట్లు.

పత్రికలకెక్కాలంటే మాత్రం పలుగు పట్టి రాత్రిపూట తవ్వాలి. 1999 జనవరిలో ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లాలో శివసేనవాళ్లు పాకిస్తాన్‌తో టెస్టు జరగకూడదని పిచ్ తవ్వి పారేశారు. దేశమంతా గగ్గోలెత్తింది. మొదటి టెస్టు చెన్నైకి పోయింది, ఢిల్లీకి రెండోది దక్కింది. ఆ నెల రోజుల్లో సిబ్బంది మైదానాన్ని మళ్లీ ఆటకు నిలబెడితే, ఫిబ్రవరి 7న కుంబ్లే 74 పరుగులిచ్చి పది వికెట్లూ పడగొట్టాడు. తవ్వినవాళ్ల పార్టీ అందరికీ గుర్తుంది, తీసిన వికెట్లు గుర్తున్నాయి. పూడ్చినవాళ్లు ఎవరు?

ఇంగ్లండులోనూ ఇదే తంతు. 1975 ఆగస్టులో లీడ్స్‌లోని హెడింగ్లీ మైదానం. ఆస్ట్రేలియాకు 445 కావాలి, మూడు వికెట్లకు 220 దగ్గర ఆట ఆగింది, మెక్‌కోస్కర్ 95 మీద ఉన్నాడు. తెల్లారేసరికి పిచ్‌లో గుంతలు, వాటి మీద నూనె. జైల్లో ఉన్న జార్జి డేవిస్ నిర్దోషి అని అతని మనుషులు చేసిన ప్రచారమది. మ్యాచ్ రద్దయింది. ఆ రోజు ఎలాగూ వాన పడింది, అది వేరే సంగతి. డేవిస్ మరుసటి ఏడాది విడుదలై, ఆనక ఒక బ్యాంకు దోపిడీలో దొరికాడు. ఈ కథలో మరో జార్జి కూడా ఉన్నాడు, జార్జి కాథ్రే. పొద్దున్నే వచ్చి ఆ గుంతలు చూసిన మైదానం మనిషి. గోడల మీదికి ఎక్కింది మాత్రం మొదటి జార్జి పేరే.

మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, లేరనను. 2023 సెప్టెంబరులో కొలంబోలో ఆసియా కప్ ఫైనల్‌లో మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ ఆరు వికెట్లు తీసి శ్రీలంకను 50 పరుగులకే కూల్చాడు. వానలో కవర్లు మోసుకుంటూ టోర్నీని బతికించిన మైదానం సిబ్బందికి తన బహుమతి ఐదు వేల డాలర్లూ ఇచ్చేశాడు. 2024 ఐపీఎల్ అయ్యాక క్రికెట్ బోర్డు పది ప్రధాన వేదికల సిబ్బందికి వేదికకు పాతిక లక్షల చొప్పున ప్రకటించింది. హైదరాబాద్ అందులో ఉంది, అదనపు వేదికగా విశాఖకు పది లక్షలు వచ్చాయి. మా వైపు నుంచి చూస్తే బోర్డు అంటే ఇది. మాకున్న బోర్డు ఇనుముది, అది ఎవరికీ ఏమీ ఇవ్వదు.

చట్టం లేదా అంటారు. బంగారంలాంటిది ఉంది. 1984 నాటి ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం పంచాయతీ ఆస్తికీ వర్తిస్తుంది, ఐదేళ్ల దాకా జైలు. నిజంగా అమలు చేస్తే సీసా కొట్టినవాడు, ఇసుక ఎత్తినవాడు, ట్రాక్టరు తిప్పినవాడు, నెట్టు పట్టుకుపోయినవాడు, గుంజలు దిగ్గొట్టించినవాడు, అందరినీ లోపలేయాలి. అంతమందిని ఉంచడానికి చాలినంత జాగా ఊళ్లో ఒక్కటే ఉంది, అదీ మైదానమే. కనీసం అప్పుడైనా చుట్టూ ప్రహరీ కడతారు.

ఈ మధ్య ఒక ఊళ్లో యువజనుల వాలీబాల్ పోటీలకు నన్ను పిలిచారు. మాట్లాడటానికి కాదు, చివర్లో వందన సమర్పణకు. కాగితం చేతికిచ్చారు. టెంటు హౌసు యజమాని, మైకు సెట్టు, భోజనాల దాత, శాలువాల దాత, ఫ్లెక్సీ కొట్టించిన అన్నలు, విచ్చేసిన పోలీసు సిబ్బంది, పత్రికా విలేఖరులు. మూడు రోజులు రాళ్లు ఏరి, తాడు లాగి, సున్నం పోసిన మనిషి పేరు లేదు. "ఈయన పేరు కూడా చదువుతాను తమ్ముడూ" అన్నాను నిర్వాహకుడితో. కుర్రాడు మంచివాడు, వెంటనే ఒప్పుకున్నాడు. "తప్పకుండా చదవండి సార్. కాకపోతే టెంటాయన తర్వాత చదవండి, ఆయన ఫీలవుతాడు. ఇంతకీ ఆ బాబాయ్ పేరేంటో మీకు తెలుసా?"