వంపులో బయటి పట్టా

నన్ను చూసినవాళ్ళు గంట అంటారు. నిజానికి నేను మూరెడు పొడవున్న రైలు పట్టా ముక్కని. టైడా స్టేషన్ దాపున, పట్టాలు మరమ్మతు చేసే గ్యాంగువాళ్ళ షెడ్డు దూలానికి ఇనప తీగతో వేలాడుతున్నాను. ఒకప్పుడు ఫిష్‌ప్లేటు బోల్టు పట్టిన రంధ్రంలోంచే ఇప్పుడు ఆ తీగ దూరింది. పొద్దున్నే గ్యాంగు పెద్ద, మేటు, సుత్తితో మూడు దెబ్బలు కొడితే గ్యాంగు పనిలోకి దిగుతుంది. మిగతా రోజంతా నాకు వినడమే పని.

వేలాడక ముందు నేను నేల మీద పడుకుని బతికాను. 1960లో మన ప్రభుత్వం జపాన్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. బస్తర్ కొండల్లో ఉన్న బైలడిలా ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు మిల్లులకు అమ్మాలన్నది దాని సారం. బైలడిలా అంటే ఎద్దు మూపురం. ఆ మూపురంలోని ఇనుము విశాఖ రేవుకు చేరాలంటే తూర్పు కనుమలు అడ్డం. అందుకని కొండలు తొలిచి, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల లైను వేశారు. సొరంగాలే 58. శివలింగపురం దాటాక ఘాట్ ఎక్కుతూ టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు వస్తాయి. ఇంకా పైన, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున, శిమిలిగుడ ఉంటుంది. ఆ దారిలో టైడాకి దగ్గరగా ఒక వంపులో నన్ను బయటివైపు పరిచారు.

వంపులో బయటి పట్టాను లోపలి పట్టా కంటే కొంచెం ఎత్తులో పెడతారు. కొత్తగా చేరిన కుర్రాడొకడు అది చూసి, తప్పు పట్టినట్టు అడిగాడు.

"మేటుగారూ, రెండు పట్టాలూ సమానంగా ఉండాలి కదండీ?"

"తిన్నటి దారిలో అయితే సమానంగా ఉండాలిరా. ఇది వంపు. ఇక్కడ సమానంగా పెట్టావంటే బండి బయటికి ఒరుగుద్ది. ఎత్తులో తేడా ఉంటేనే రెండిటి మీదా బరువు సరిగ్గా పడుద్ది."

ఆ మాట నా బతుకంతా నాతో వచ్చింది.

నేను ఇనుమే, నా మీదుగా వెళ్ళేదీ ఇనుమే. బండి కిందికి దిగేటప్పుడు ఎర్రటి ఖనిజంతో నిండుగా ఉండేది, పైకెక్కేటప్పుడు వట్టి వ్యాగన్లతో గలగలలాడుతూ పోయేది. 1976లో విశాఖలో ఔటర్ హార్బర్ వచ్చింది. అంతకంతకూ పెద్ద ఓడలు ఖనిజం ఎత్తుకుపోయాయి. ఇక్కడి ఖనిజం అక్కడ కార్లయింది, వంతెనలయింది, మేడలయింది. తర్వాత మన విశాఖ ఉక్కుకి కూడా బైలడిలా ఖనిజమే వచ్చింది, అది కాదనను. ఈ కొండల వాటాకి మాత్రం ఒక పాసింజరు బండి, పట్టాల పక్కన ఎర్ర దుమ్ము మిగిలాయి.

ఘాట్‌లో ఇంకో సంగతి గమనించాను. దిగే నిండు బండికి బ్రేకు కావాలి, ఎక్కే ఖాళీ బండికి ఇంజను కావాలి. రెండింటికీ కలిపి "బ్రేకు వేయండి" అని ఒకే ఉత్తర్వు ఇస్తే నిండు బండి క్షేమంగా దిగుతుంది. ఖాళీ బండి శివలింగపురంలోనే ఆగిపోతుంది.

నా తల ఒక పక్క అరిగిపోయింది. వంపులో బయటి పట్టాకి చక్రం అంచు రాపిడి తప్పదు. నన్ను పీకి, నాకంటే బరువైన పట్టా వేశారు. కోయగా మిగిలిన ముక్క ఇలా గంటయింది.

1997లో రెండు వార్తలు నా కింద కూర్చున్నవాళ్ళ నోట విన్నాను. మొదటిది మా అనంతగిరి మండలానిదే. బొర్రా చుట్టుపక్కల గిరిజనుల నేలను గనుల కోసం బయటివాళ్ళకి లీజుకి ఇవ్వడంపై 'సమత' సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గని లీజులు చెల్లవని, గనుల మీద వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం నీటికీ, బడికీ, వైద్యానికీ, దారులకీ పక్కన పెట్టాలని కోర్టు చెప్పింది. రెండోది, సరిగ్గా అయిదు నెలలకి, డిసెంబరు 11న వచ్చింది. మా ఖనిజం వెళ్ళిన జపాన్‌లోనే, క్యోటో నగరంలో, పొగ తగ్గించే ఒప్పందం కుదిరింది. ధనిక దేశాలు 2012 నాటికి తమ ఉద్గారాలను 1990 నాటి స్థాయి కంటే సగటున 5 శాతం తగ్గించాలి. పేద దేశాలకు ఆ కట్టుబాటు లేదు. రెండింటి వెనకా ఉన్నది ఒకటే న్యాయం. తిన్నవాడు మొదట లెక్క అప్పజెప్పాలి.

ఆ న్యాయానికి పునాది 1992లో రియోలో పడింది. భూమిని కాపాడే బాధ్యత అందరికీ ఉమ్మడిదే కానీ అందరిదీ ఒకే స్థాయిది కాదని అక్కడ దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మా మేటు మాటే, పెద్ద అక్షరాల్లో. తర్వాత ఏమైంది? అమెరికా క్యోటో మీద సంతకం పెట్టింది కానీ ఆమోదించలేదు. జపాన్ రెండో విడత లక్ష్యాలు తీసుకోలేదు. 2015 పారిస్ ఒప్పందం వచ్చేసరికి ఎవరి హామీ వాళ్ళే రాసుకునే పద్ధతి అయింది.

2014 అక్టోబరు 12న నేను ఎవరూ కొట్టకుండానే మోగాను. అది హుద్‌హుద్ తుపాను. రాత్రంతా గాలి నన్ను దూలానికేసి కొట్టింది. తెల్లారేసరికి కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కాఫీ మొక్కల మీదే కూలి పడున్నాయి. ఆ చెట్లను పట్టుకుని పాకిన మిరియాల తీగలూ వాటితోనే పోయాయి. ఏ ఒక్క తుపానుకీ ఫలానా దేశమే కారణమని వేలెత్తి చూపలేం. వేడెక్కిన సముద్రం తుపాన్లకు బలమిస్తుందని మాత్రం శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అలాంటి నష్టాలకు నిధి కావాలని చిన్న ద్వీప దేశాలు 1991 నుంచే అడిగాయి. ఒప్పుకునేసరికి 2022 వచ్చింది, ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో. ఆ మరుసటి ఏడు దుబాయ్‌లో దేశాలు ఇస్తామన్నది సుమారు 70 కోట్ల డాలర్లు.

2024లో కాఫీ పళ్ళు కోసే రోజుల్లో నా కింద ఒక తాత మూట దించుకుని పాసింజరు కోసం కూర్చున్నాడు. పక్కనే బడి మాస్టారు పేపరు చదువుతున్నాడు.

"బాకూ వాతావరణ సభలో తేల్చారు తాతా. 2035 నాటికి పేద దేశాలకు ఏటా 30,000 కోట్ల డాలర్లు అంట. మనవాళ్ళు అడిగింది 1.3 లక్షల కోట్లు. చాలదని మన దేశం గట్టిగానే అభ్యంతరం చెప్పింది."

"ఇంతకు ముందు ఇస్తానన్నదేటి మాస్టారూ?"

"2009లో కోపెన్‌హాగన్‌లో ఒప్పుకున్నారు, 2020కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లని. రెండేళ్ళు ఆలస్యంగా, 2022లో ఇచ్చామన్నారు. అందులో పెద్ద భాగం అప్పు."

తాత నవ్వాడు. "అప్పిచ్చి సాయమంటే మా సంతలో షావుకారూ సాయం సేసినట్టే కదేటి. మిరియాలు కాయక ముందే డబ్బిస్తాడు, కాసినాక మిరియాలన్నీ ఆడివే."

మాస్టారు లెక్క చెప్పాడు. ఒక్కో అమెరికన్ వాటా ఏడాదికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు. మన సగటు రెండు టన్నులు. ఇప్పటిదాకా ఆకాశంలోకి పోయినదాంట్లో దాదాపు నాలుగో వంతు అమెరికాదే.

"సగటంటే?"

"అందరిదీ కలిపి తలకింత అని."

"అంటే సెల్లగాలి మిసనీ పెట్టుకుని కారులో తిరిగే వైజాగు బాబుదీ, నాదీ కలిపేసినారా? మరి నా పోడు పొగ గురించి నన్నే అడుగుతారేటి?"

మాస్టారు పేపరు మడిచాడు. నాకు ఆ ప్రశ్న సుత్తి దెబ్బలా తగిలింది. మన దేశం బయట సభల్లో పేదవాడి సగటు చూపించి మాట్లాడుతుంది. ఆ మాట న్యాయమే. కానీ బయట అడిగిన న్యాయం లోపల కూడా జరిగితేనే దానికి బలం. ఈ తాత లెక్కలో పొగ రెండు టన్నులకి చాలా తక్కువ. పైగా పొగ లెక్కలో అతని జాతి అప్పు పడలేదు సరికదా, అప్పిచ్చింది. అరకు లోయలో నాంది ఫౌండేషన్, లైవ్లీహుడ్స్ ఫండ్ కలిసి గిరిజనుల నేలల్లో లక్షల కాఫీ, పండ్ల మొక్కలు నాటించాయి. పండ్లూ కాఫీ రైతువి. చెట్లు పీల్చిన కార్బన్ లెక్క మాత్రం పెట్టుబడి పెట్టిన యూరప్ కంపెనీల ఖాతాకి క్రెడిట్లుగా వెళుతుంది. చెట్టు మంచిదే, రైతుకి ఆదాయమూ మంచిదే. కానీ ఆ క్రెడిట్ చూపించి అక్కడి పొగగొట్టం అలాగే పొగ విడిస్తే, నిండుగా దిగి ఖాళీగా ఎక్కే బండి కథే మళ్ళీ మొదలవుతుంది.

ఉక్కుకి చుట్టాన్ని కనక ఇంకొకటి చెబుతాను. 2026 నుంచి యూరప్‌లోకి వచ్చే ఉక్కుకి దాని తయారీలో వెలువడ్డ కార్బన్ లెక్కన సుంకం పడుతుంది. రెండు వందల ఏళ్ళు బొగ్గు కాల్చి మేడలు కట్టుకున్నవాళ్ళు, ఇప్పుడే మేడ మొదలుపెట్టినవాణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి పొగ కొలుస్తున్నారు. కొలవొద్దని నేననను. తిన్నటి దారికి పెట్టిన కొలతనే వంపుకీ పెట్టొద్దంటాను.

వంపులో ఎత్తు ఒకసారి పెడితే నిలిచేది కాదు. ఖనిజం బండ్లు పోయే కొద్దీ, వానకి కంకర జారే కొద్దీ బయటి పట్టా కుంగుతుంది. ఆ కుంగడం కంటికి కనిపించదు. మేటు లెవెల్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అప్పుడు స్లీపర్ల కింద కంకర కొట్టి మళ్ళీ లేపాలి. రియోలో పెట్టిన ఎత్తు ముప్పై ఏళ్ళుగా కుంగుతూనే ఉంది.

నిన్న రాత్రి వాన దంచికొట్టింది. తెల్లారగానే మేటు వచ్చి నన్ను మూడు దెబ్బలు కొట్టాడు. గునపాలూ పారలూ భుజాన వేసుకుని గ్యాంగు వంపు వైపు నడిచింది.