భద్రాద్రి నుంచి స్ట్రీమింగ్‌కు జోహార్లు

పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న, అదే మన రామదాసు, గోల్కొండ ఖైదులో కూర్చుని రాముణ్ణి నిలదీశాడు. చేయించిన నగలన్నీ పేరుపేరునా చెప్పి మరీ తిట్టాడు. పైకి తిట్టు, లోపల భక్తి. ఆయన గుడి కట్టించిన ఈ గోదావరి గట్టు నుంచే నిన్ను పొగుడుతున్నాను, స్ట్రీమింగూ! ఇందులో లేనిపోని గొప్ప ఒక్కటీ లేదు. అన్నీ నీ గుణాలే.

మొదట నీ నాదం. ఎఫ్‌ఎం రేడియోలో స్వరం 15 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. నువ్వు సీడీతో సమానంగా 20 వేల దాకా తీసుకెళ్తావు. మంచి స్పీకర్లు పెట్టుకుని నీలో బాలమురళి రామదాసు కీర్తనలు వింటే తంబురా శ్రుతి గొంతుకు అంటకుండా విడిగా వినిపిస్తుంది. ఆ పై 5 వేలు నడివయసు దాటిన చెవులకు దాదాపు వినిపించవు. అయినా ఇస్తావు.

నీలో బుస ఉండదు. ఎఫ్‌ఎం తరంగం తిన్నగా పోతుంది, కొండ అడ్డొస్తే నీరసిస్తుంది. అందుకే కొత్తగూడెం ఆకాశవాణి 100.1 కోసం పెంకుటింటి మీద వెదురు పాతి, మీటరున్నర కంటే కాస్త తక్కువ పొడుగున్న ఏరియల్ కట్టి, కొత్తగూడెం దిక్కుకు అడ్డంగా తిప్పుకోవాలి. ఒకరు పైన తిప్పుతుంటే, ఇంకొకరు కింద ట్యూనర్ దగ్గర నిలబడి "ఆఁ, అక్కడే ఉంచు!" అని అరవాలి. అప్పటికీ బుస మిగిలితే స్టీరియో తీసేసి మోనోలో పెట్టుకోవాలి. బుస తగ్గుతుంది, మాట తేటపడుతుంది. ఇన్ని తిప్పలు నీ దగ్గర లేవు. సిగ్నల్ పలచబడితే నీ అంతట నువ్వే తగ్గుతావు, కొన్ని యాప్‌లలో సెకనుకు 24 కిలోబిట్ల దాకా. అదీ అందకపోతే తెర మీద చక్రం తిప్పుతూ పూర్తిగా మౌనం వహిస్తావు. రేడియోకు ఆ పట్టింపు లేదు. బుసలోంచైనా నాలుగు మాటలు చేరవేస్తుంది.

నీ దాతృత్వం మాటేమిటి! 320 కిలోబిట్ల పాట గంటసేపు వింటే 144 ఎంబీ. పక్కింటివారు అదే పాట వింటే వారికి మరో 144. ఎవరి వాటా వారికి కొలిచి పోస్తావు, ఎవరి డేటా వారి దగ్గర కోస్తావు. ట్రాన్స్‌మిటర్‌కు ఆ లెక్కలేం తెలుసు? ఒక్కరు విన్నా, లక్ష మంది విన్నా దానికి అదే కరెంటు. వింటున్నది ఎవరో కూడా దానికి తెలియదు. నీకు తెలుసు. నేను ఏ పాట సగంలో ఆపానో, ఏ రాత్రి నిద్రపట్టక ఏం విన్నానో రాసిపెట్టుకుంటావు. నేను మెచ్చినదాన్నే మళ్లీ మళ్లీ వడ్డిస్తావు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని కార్యక్రమం నేను అడగని తత్వాలు, ఎన్నడూ వినని గొంతులు నా చెవిన వేసింది. నా ఇష్టం కనుక్కోవాలని దానికి తోచలేదు. అలా నా ఇష్టం పెరిగింది.

శ్రీరామనవమి నాడు నీ నిదానం చూడాలి. ఉషశ్రీ వ్యాఖ్యానంతో తెలుగు ఇళ్లు కల్యాణానికి రేడియో ముందే కూర్చున్న కాలం ఉంది. నువ్వు బఫర్ నింపుకుని గాని కదలవు. అభిజిత్ లగ్నంలో జీలకర్ర బెల్లం పెట్టడం రేడియో ఉన్న ఇంట్లో విని, చేతులు జోడించి, అయిపోయాక నీ దగ్గరికి వస్తే అప్పుడు నువ్వు మొదలుపెడతావు. నాదం మాత్రం స్వచ్ఛంగా ఉంటుంది.

వరదలో నీ మౌనాన్ని ఏమని పొగడను? 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. అలాంటి రాత్రి కరెంటు పోతుంది, బ్యాటరీ అయిపోయాక సెల్ టవర్ కూడా పోతుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల్లో మామూలు రోజుల్లోనే సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. నీటి మట్టం ఎంతకు వచ్చిందో, ఏ దారి మునిగిందో తెలియాల్సిన ఆ గంటల్లో నీ 20 వేల హెర్ట్జ్ ఏ చెవికీ చేరవు. రెండు సెల్లుల రేడియోకు మాత్రం టవర్ అక్కర్లేదు, రీఛార్జీ అక్కర్లేదు.

నీ మీద నాకు పగ లేదు. ఖమ్మంలో ఫైబర్ ఉన్న ఇంట్లో, తీరికగా ఒక కచేరీ వినాలంటే నీకు సాటి లేదు. నా గొడవంతా నిన్ను చూపించి రేడియోను మూలన పెడదామనే వారితో. ఇంటర్నెట్ వచ్చేసింది, ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు ఇక దండగ అని ఎవరైనా అంటే, నిర్ణయం రాసే ముందు వానాకాలంలో ఒక రాత్రి దుమ్ముగూడెం వచ్చి ఉండమనండి.