తాష్కెంట్ షంటింగ్

కాశ్మీర్‌లోని హాజీపీర్ కనుమ ఎక్కడ, మన ఖరగ్‌పూర్ ఎక్కడ? నడుమ దూరం పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే. అయినా 1965 సెప్టెంబర్ 7న తూర్పు పాకిస్తాన్ నుంచి లేచిన సేబర్ జెట్లు కాశ్మీర్ తగువును మోసుకొచ్చి మన పక్కనున్న కలైకుండ వైమానిక స్థావరం మీద దింపాయి. నేల మీదున్న కాన్‌బెరా, వాంపైర్ విమానాలు తగలబడ్డాయి. రెండో విడత వచ్చినవాటితో మన పైలట్ ఆల్ఫ్రెడ్ కుక్ హంటర్ విమానంలో ఈ ఊరి ఆకాశంలోనే తలపడ్డాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటి నుంచీ వర్క్‌షాప్‌నీ లోకో షెడ్‌నీ నమ్ముకుని బతుకుతున్న తెలుగువాళ్ళకు కాశ్మీర్‌తో ఏ పేచీ లేదు పాపం. పేచీకి మాత్రం ఎవరి నెత్తి అయినా ఒకటే.

నాలుగు నెలలకు, 1966 జనవరి 10న, సోవియట్ ప్రధాని కొసిగిన్ పెద్దరికం వహించగా తాష్కెంట్‌లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. సైన్యాలు 1965 ఆగస్టు 5కు ముందున్న చోటికి, ఫిబ్రవరి 25 లోపల వెళ్ళిపోవాలని ఆ పత్రం తేదీలతో సహా నిక్కచ్చిగా చెప్పింది. అసలు తగువు దగ్గరికొచ్చేసరికి కలం నసిగింది. జమ్మూకాశ్మీర్ చర్చకు వచ్చిందట, ఎవరి వైఖరి వారు చెప్పుకున్నారట! ఆ మాత్రానికి తాష్కెంట్ దాకా పోవాలా? 1947 అక్టోబర్ 26న కాశ్మీర్ మహారాజు హరిసింగ్ విలీనపత్రం మీద సంతకం పెట్టిన నాటి నుంచీ ఇద్దరూ చేస్తున్న పని అదేగా. ఖరగ్‌పూర్ యార్డులో వ్యాగన్లను ముందుకు తోసి వెనక్కి లాగడాన్ని షంటింగ్ అంటారు. కాకపోతే అది అయ్యాక బండి ఎక్కడికో ఒకచోటికి బయల్దేరుతుంది.

యుద్ధం ఆగింది కదా, అది చాలదా అంటారు. ఆగడం మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ ఆ పుణ్యం తాష్కెంట్ ఖాతాలో వేయకండి. భద్రతా మండలి ఒత్తిడికి సెప్టెంబర్ 23నే కాల్పుల విరమణ వచ్చేసింది. యుద్ధంలో మనం పట్టుకున్న హాజీపీర్‌ను తిరిగి ఇవ్వకుండా ఉంటే పీడ విరగడయ్యేదనే శూరులు ఇంకొందరు. మన ఛంబ్, ఖేమ్‌కరణ్ అప్పుడు పాకిస్తాన్ చేతిలో ఉన్నాయని వాళ్ళకు గుర్తుండదు. ఇచ్చిపుచ్చుకోవడంలో తప్పు లేదు, దానికి శాంతి అని పేరు పెట్టడంలోనే ఉంది. అక్కడ పాకిస్తాన్‌లో ఏటా సెప్టెంబర్ 6న రక్షణ దినం చేసుకుంటారు. ఇక్కడ 2015లో స్వర్ణోత్సవం చేసుకున్నాం. ఇద్దరూ గెలిచిన యుద్ధంలో ఇద్దరూ బయల్దేరిన చోటికే ఎందుకు నడిచారో ఏ వేదిక మీదా ఎవరూ చెప్పరు.

తాష్కెంట్‌కు ఆరేళ్ళు నిండకముందే 1971 డిసెంబర్ యుద్ధం వచ్చింది. 1972 జూలైలో సిమ్లాలో మళ్ళీ సంతకాలు. కాశ్మీర్ తుది పరిష్కారం గురించి ప్రతినిధులు ముందు ముందు కలిసి మాట్లాడతారని అందులో రాశారు. ఆ పరిష్కారం ఇప్పటికీ రాలేదు. 1999లో కార్గిల్ వచ్చింది.